138 స్టూడియోలు పోగేసిన కంపెనీకి చివరికి దిక్కైంది సుడోకు యాప్

ఏదైనా పెద్ద గేమ్ కంపెనీ ఇంకో స్టూడియోని కొన్నదన్న వార్త రాగానే మన గేమర్స్ గ్రూపుల్లో ఐపీఎల్ ఆక్షన్ వాతావరణం వచ్చేస్తుంది. ‘ఇప్పుడు టూంబ్ రైడర్ కూడా వీళ్ళదే బాసూ’, ‘వాళ్ళకి ఇన్ని స్టూడియోలు, వీళ్ళకి అన్ని’ అంటూ స్కోర్లు మొదలైపోతాయి. నాకు మాత్రం అలాంటి వార్త చూడగానే వచ్చే మొదటి డౌట్ ఒకటే: కొనడానికి ఇచ్చింది సొంత డబ్బా, షేర్లా, అప్పా? వినడానికి బోరింగ్‌గానే ఉంటుంది. కానీ మీ ఫేవరెట్ గేమ్‌కి సీక్వెల్ వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ట్రైలర్ కంటే ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. ఎంబ్రేసర్ గ్రూప్ కథ చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఈ పేరు చాలామంది విని ఉండకపోవచ్చు. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ వీళ్ళ ఊరు. ఫౌండర్ లార్స్ వింగెఫోర్స్ టీనేజ్‌లోనే పాత కామిక్స్ అమ్మడంతో బిజినెస్ మొదలుపెట్టాడు, తర్వాత పాత వీడియో గేమ్స్ అమ్మాడు. అంటే మొదటి నుంచీ సెకండ్ హ్యాండ్ మార్కెట్ బుర్ర. 2013లో అమెరికన్ పబ్లిషర్ టీహెచ్‌క్యూ దివాలా తీసి ఆస్తులు వేలానికి వచ్చాయి. పెద్ద కంపెనీలు మంచి ముక్కలు ఎత్తుకెళ్ళాక మిగిలిన డార్క్‌సైడర్స్ లాంటి సిరీస్‌లని ఇతని నార్డిక్ గేమ్స్ 50 లక్షల డాలర్ల లోపే కొనేసింది. తర్వాత టీహెచ్‌క్యూ నార్డిక్ అని ఆ పేరే పెట్టుకుంది కూడా. ఎవరూ పట్టించుకోని పాత గేమ్‌ని చవగ్గా కొనడం, చిన్న బడ్జెట్‌లో రీమాస్టర్ చేయడం, ఉన్న ఫ్యాన్స్‌కి అమ్ముకోవడం. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చిన మోడల్ అది. గొప్పలకు పోలేదు, ఎవరి కొంపా ముంచలేదు.

2016లో స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయ్యాక సీన్ మారింది. 2018లో 12.1 కోట్ల యూరోలకి కాక్ మీడియా. అదే ఏడాది గోట్ సిమ్యులేటర్ చేసిన కాఫీ స్టెయిన్. 2019లో కంపెనీ పేరు ఎంబ్రేసర్ అయింది. 2020లో సేబర్ ఇంటరాక్టివ్. 2021 ఫిబ్రవరిలో ఒకే వారంలో మూడు: బోర్డర్‌ల్యాండ్స్ చేసిన గేర్‌బాక్స్, ఆస్పైర్, మొబైల్ పజిల్స్ చేసే ఈజీబ్రెయిన్. అదే ఏడాది చివర్లో బోర్డు గేమ్స్ కంపెనీ ఆస్మోడీకి ఏకంగా 275 కోట్ల యూరోలు. 2022లో టూంబ్ రైడర్, డ్యూస్ ఎక్స్ స్టూడియోలు, ఆ తర్వాత లార్డ్ ఆఫ్ ది రింగ్స్ హక్కులు. 2023 నాటికి 138 స్టూడియోలు, 16 వేలకు పైగా ఉద్యోగులు. వీళ్ళ గేమ్స్ అన్నిటి పేర్లూ వింగెఫోర్స్‌కైనా గుర్తుండేవా అన్నది నా అనుమానం.

ఇంత డబ్బు ఎక్కడిది? పెద్ద భాగం కాగితమే. చాలా డీల్స్‌లో కొంత క్యాష్, కొంత ఎంబ్రేసర్ కొత్త షేర్లు, మిగతాది ‘ఎర్న్ అవుట్’. ఎర్న్ అవుట్ అంటే రాబోయే కొన్నేళ్ళలో ఈ టార్గెట్లు కొడితే ఇంత ఇస్తాం అని రాసుకునే ఒప్పందం. షేర్ ధర ఎక్కువగా ఉన్నంతకాలం తక్కువ షేర్లతో పెద్ద కంపెనీ వచ్చేస్తుంది. ఆ కంపెనీ ఆదాయం కలవగానే ఎంబ్రేసర్ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. షేర్ ఇంకా పెరుగుతుంది. దాంతో ఇంకో కంపెనీ. సైకిల్ తొక్కుతున్నంతసేపూ పడిపోరు, ఆపితేనే సమస్య. ఈ చక్రంలో ‘మంచి గేమ్ రావాలి’ అన్న షరతు ఎక్కడా లేదు, గమనించారా? నా ఉద్దేశంలో ఎంబ్రేసర్ కొన్నది స్టూడియోలని కాదు, తన షేర్ పెరగడానికి కారణాలని.

2022లో వడ్డీ రేట్లు పెరిగాయి, టెక్ షేర్లు పడ్డాయి, సైకిల్ నెమ్మదించింది. ఆ జూన్‌లో సౌదీ ప్రభుత్వ ఫండ్‌కి చెందిన సావీ గేమ్స్ 100 కోట్ల డాలర్లు పెట్టి వాటా తీసుకుంది, కొంచెం ఊపిరి ఆడింది. తర్వాత 200 కోట్ల డాలర్ల ఇంకో పెద్ద డీల్ దాదాపు ఖాయమని నమ్ముకుని ఖర్చులు ప్లాన్ చేసుకున్నారు. 2023 మేలో అవతలి పార్టీ చివరి నిమిషంలో కుదరదంది. ఒక్క రోజులో షేర్ 40 శాతానికి పైగా కూలిపోయింది. ఆ అవతలి పార్టీ కూడా సావీయే అని తర్వాత వార్తలు వచ్చాయి. జూన్‌లో రీస్ట్రక్చరింగ్ ప్రకటించారు. ఆ ఏడాది చివరికి దాదాపు 1,400 మంది ఉద్యోగాలు పోయాయి. మనకు పేరు కూడా తెలియని గేమ్స్ ఎన్నో మధ్యలోనే ఆగిపోయాయి.

సెయింట్స్ రో చేసిన వొలిషన్ సంగతే చూడండి. 1993లో పుట్టిన స్టూడియో. టీహెచ్‌క్యూ చేతికి వెళ్ళింది. టీహెచ్‌క్యూ మునిగితే కాక్ మీడియా కొంది, కాక్‌ని ఎంబ్రేసర్ కొంది, ఎంబ్రేసర్ దాన్ని గేర్‌బాక్స్ కిందకి మార్చింది. 2023 ఆగస్టు 31న తాళం పడింది. 2022లో వచ్చిన సెయింట్స్ రో ఆడలేదన్నది నిజమే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఒక గేమ్ ఫ్లాప్ అయితే తట్టుకుని ఇంకోటి చేసుకునే వీలు ఉండాలనే కదా స్టూడియోలు పెద్ద గ్రూప్‌లో చేరేది? తీరా అవసరం వచ్చేసరికి ఆ గొడుగే చిరిగిపోయి ఉంది.

ఫోన్‌లో గేమ్స్ ఆడేవాళ్ళకి దీనికంటే దగ్గరి కథ ఇంకోటుంది. హిట్‌మ్యాన్ గో, లారా క్రాఫ్ట్ గో గుర్తున్నాయా? యాడ్స్ లేకుండా, లూట్ బాక్స్ లేకుండా, ఒకసారి డబ్బు కట్టి హాయిగా ఆడుకునే టర్న్ బేస్డ్ పజిల్స్. మొబైల్ గేమ్ అంటే ఇలా ఉండాలి అనిపించిన కొద్దిమందిలో ఆ టీమ్ ఒకటి, పేరు స్క్వేర్ ఎనిక్స్ మాంట్రియల్. టూంబ్ రైడర్ స్టూడియోలతో పాటు ఇది కూడా అదే 30 కోట్ల డాలర్ల ప్యాకేజీలో ఎంబ్రేసర్‌కి వచ్చింది. 2022 ఆగస్టులో డీల్ పూర్తయింది. అక్టోబర్‌లో ఒనోమా అని కొత్త పేరు, కొత్త లోగో. నవంబర్‌లో మూసివేత! లోగో ఆరిందో లేదో, దాదాపు 200 మందికి నోటీసులు. 2023 జనవరి 4 నుంచి డ్యూస్ ఎక్స్ గో సహా నాలుగు గేమ్స్ పనిచేయవని చెప్పేశారు. డ్యూస్ ఎక్స్ గో డబ్బిచ్చి కొనుక్కునే సింగిల్ ప్లేయర్ గేమ్ అని మర్చిపోకండి. ఆ తర్వాత రెండేళ్ళకి ఎంబ్రేసర్‌కే చెందిన డెకా గేమ్స్ దాన్ని తిరిగి స్టోర్లలో పెట్టింది, సంతోషమే. కానీ గేమ్ తిరిగొచ్చింది గానీ టీమ్ రాలేదు. ‘గో’ సిరీస్‌లో నాలుగోది ఇక ఎవరు చేయాలి?

సేల్స్ సంగతికి వద్దాం. 130 కోట్ల డాలర్లకి కొన్న గేర్‌బాక్స్‌ని 2024లో 46 కోట్లకే టేక్ టూకి అమ్మేశారని చాలామంది రాశారు. హెడ్‌లైన్ బాగుంటుంది కానీ లెక్క అలా కాదు. కొన్నప్పుడు మొదట ఇచ్చింది షేర్లతో కలిపి 36.3 కోట్లు, మిగతా అంతా టార్గెట్లు కొడితే ఇస్తామన్నది. అంటే ఆ 130 కోట్లు అన్న అంకె మొదటి నుంచీ సగానికి పైగా గాల్లోనే ఉంది. కొన్నరోజున ఆ అంకె చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే, అమ్మినరోజున అదే అంకె చూసి నవ్వారు.

అసలు కామెడీ ఈజీబ్రెయిన్. సుడోకు డాట్ కామ్ యాప్ వాళ్ళదే. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు పొద్దున్నే కాఫీతో ఆడుకునే టైపు గేమ్. ఏ గేమర్స్ గ్రూప్‌లోనూ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోరు. ఎర్న్ అవుట్ మొత్తం కలిపినా 77 కోట్ల డాలర్ల లోపే వచ్చిన ఆ కంపెనీని 2024 నవంబర్‌లో 120 కోట్లకి టెన్సెంట్ వాళ్ళ మినీక్లిప్‌కి అమ్మి, ఆ డబ్బుతో అప్పు తగ్గించుకున్నారు. అంతకుముందే ఆస్మోడీ మీద 90 కోట్ల యూరోల అప్పు ఎత్తి, దాంతో గ్రూప్ పాత బాకీలు కట్టి, తర్వాత దాన్ని వేరే కంపెనీగా పంపించేశారు. కట్నం ఇచ్చి పంపాల్సింది పోయి ఇంటి అప్పు నెత్తిన పెట్టి సాగనంపినట్టు!

అన్నీ చెడ్డ డీల్సే అనను. చెక్ స్టూడియో వార్‌హార్స్ ఎంబ్రేసర్ కిందే ఉండి, ఏళ్ళ తరబడి టైం తీసుకుని కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ 2 చేసింది. 2025 ఫిబ్రవరిలో రిలీజైన ఒక్క రోజులోనే 10 లక్షల కాపీలు పోయాయి. స్టూడియోని కొని, దాని పని దాన్ని చేసుకోనిస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది. కాఫీ స్టెయిన్ కూడా అంతే. ఇబ్బంది ఏంటంటే, అలా వదిలేసినా బాగుపడే స్టూడియోలు పట్టుమని పది కూడా ఉండవు. 138 కొన్నప్పుడు మిగతావాటిని ఎవరు చూసుకుంటారు?

ఇదంతా స్వీడన్ గొడవ, మనకేంటి అంటారేమో. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ కూడా ఇదే ఆటలో ఉంది. 2025లో రియల్ క్రికెట్ చేసే మన నాటిలస్ మొబైల్‌లో మెజారిటీ వాటా తీసుకుంది. అదే క్రాఫ్టన్ 2021లో సబ్‌నాటికా స్టూడియోని 50 కోట్ల డాలర్లు, ఇంకో 25 కోట్ల ఎర్న్ అవుట్ అని కొంది. 2025లో ఆ స్టూడియో పెద్దలని తప్పించింది, వాళ్ళు ఎర్న్ అవుట్ ఎగ్గొట్టడానికే ఇలా చేశారంటూ కోర్టుకెక్కారు. అందుకే రియల్ క్రికెట్ ఇక ఎక్కడికో వెళ్ళిపోతుందని ఎవరైనా సంబరపడితే నేను ఇప్పుడే విజిల్ వేయను. రెండేళ్ళు ఆగి, అదే టీమ్ అక్కడే ఉందా అని చూస్తాను.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ ఈఏకి పెద్ద ఆఫీసే ఉంది. 2021లో ఈఏ కొన్న గ్లూ మొబైల్‌కి కూడా ఇక్కడ స్టూడియో ఉండేది. గేమ్ డెవలప్‌మెంట్ అంటే మన కుర్రాళ్ళు మొదట రెజ్యూమే పెట్టే చోట్లలో అదొకటి. 2025 సెప్టెంబర్‌లో ఆ ఈఏనే 5,500 కోట్ల డాలర్లకి కొంటున్నామని ఒక గ్రూప్ ప్రకటించింది. అందులో పెద్ద చెయ్యి సావీ వెనకున్న సౌదీ ఫండ్‌దే. ఆ మొత్తంలో 2,000 కోట్ల డాలర్లు అప్పు. కొన్నవాళ్ళ జేబులోంచి కాదు, రేపు ఈఏ సంపాదనలోంచి తీరాల్సిన అప్పు అది. వడ్డీ కట్టడానికి ఎఫ్‌సీ మొబైల్ ప్యాక్‌ల రేట్లు పెంచుతారా, మనుషుల్ని తగ్గిస్తారా, రెండూ చేస్తారా? కొత్త ఓనర్లు ఎవరు అన్నదాని మీద మీమ్స్ బోలెడు వచ్చాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు.