తీగ వచ్చింది, పైకం రావాలి

పార్లమెంటు ఆవరణలో కూర్చుని దేశమంతా కళ్లముందే ఉన్నదనుకోవడం ఢిల్లీ విలేఖరులకు తరచు సోకే జబ్బు. దూరప్రయాణమొక్కటే దానికి మందు. ఇటీవల కొద్దిరోజుల సెలవుపై అండమాన్ వెళ్లాను. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిర్ నుంచి నైరుతి దిశగా పాతిక ముప్ఫై కిలోమీటర్లు పోతే వండూర్ అనే గ్రామం వస్తుంది. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు అది ముఖద్వారం. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులు చూడబోయే యాత్రికులు అక్కడి జెట్టీలోనే పడవ ఎక్కుతారు. 2004 డిసెంబరు సునామీ వేళ నేల కుంగి, ఉప్పునీరెక్కిన తీరం అది.

ఆ జెట్టీమీద నా చెవికి మొదట సోకినది శ్రీకాకుళం యాస. ఇందులో వింత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా మూడు లక్షల ఎనభై వేలు. అందులో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం.

పడవమీద పనిచేసే ఒక యువకుడు నేను ఢిల్లీ పత్రికావిలేఖరినని తెలిసి, తన ఫోను నా చేతికిచ్చి ఒక పాట చూపించాడు. తాత సముద్రం దాటి వచ్చిన కథను అతడే పాట కట్టాడు, బాణీ కూర్చాడు, పాడాడు. స్నేహితులు వండూర్ ఇసుకలోనే ఫోనుతో చిత్రీకరించారు. దాన్ని అతడు తన పేర యూట్యూబులో పెట్టగా కొన్నివేలమంది చూశారు. ఇంతలో జానపద గీతాల ఛానలు నడిపే ఒక సంస్థవారు ఆంధ్రదేశం నుంచి ఫోను చేసి, పదిహేనువేల రూపాయలకు ఆ పాటను సర్వహక్కులతో తమకు రాసివ్వమన్నారు. వారు పంపిన కాగితం ఇంగ్లీషులో ఉన్నది. దానిని నా చేత చదివించి, అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏటి సెయ్యమంటారు బాబూ, సంతకం పెట్టీమంటారా?"

ఇది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని దాని వెనుక ప్రభుత్వ విధానమూ, చట్టమూ, విదేశీ వ్యాపారమూ మూడూ పెనవేసుకుని ఉన్నవి.

ముందుగా ప్రభుత్వం మాట. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భంలో పరచిన ఆప్టికల్ ఫైబర్ తీగను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ. దాదాపు 1,224 కోట్ల రూపాయల వ్యయం. టెలిఫోను కంపెనీల నుంచి వసూలుచేసే సార్వత్రిక సేవా నిధి నుంచి ఆ సొమ్ము వచ్చింది. బి.ఎస్.ఎన్.ఎల్. పని నిర్వహించింది. అంతకుముందు ఉపగ్రహాల ద్వారా వచ్చే కొద్దిపాటి సామర్థ్యంపైనే ద్వీపవాసులు ఆధారపడేవారు. నేడు వండూర్ పడవకుర్రాడు తన పాటను తానే ప్రపంచం ముందు పెట్టగలుగుతున్నాడంటే ఈ తీగ చలవ ఎంతైనా ఉన్నది. ఇందుకు ప్రభుత్వాన్ని అభినందించవలసిందే. అయితే రోడ్డు వేసినంత మాత్రాన రైతు సరుకుకు గిట్టుబాటు ధర వచ్చినట్లు కాదు. ప్రజల సొమ్ముతో వేసిన ఈ బాటమీద సరుకు ఎవరిది, సుంకం ఎవరిది అన్నది వేరే ప్రశ్న.

ఆ బాటమీద పైకం నడిచే తీరు చూడండి. యూట్యూబులో పాట పెట్టడానికి ఖర్చు లేదు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే మాత్రం ఆ సంస్థ పెట్టిన గడపలు దాటాలి. ఛానలుకు వెయ్యిమంది చందాదారులుండాలి. గడచిన పన్నెండు నెలల్లో ప్రేక్షకులు మొత్తం 4,000 గంటలు చూసి ఉండాలి. లేదా పొట్టి వీడియోలను 90 రోజుల్లో కోటిసార్లు చూసి ఉండాలి. గడప దాటిన తర్వాత పూర్తి నిడివి వీడియోలపై వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం, పొట్టి వీడియోల పద్దులో 45 శాతం పాట పెట్టినవారికి ముట్టుతుంది. ఖాతాలో పది డాలర్లు పడ్డాక చిరునామా నిర్ధారణకై ఒక రహస్యసంఖ్యను తపాలాలో పంపుతారు. వంద డాలర్లు నిండితేగాని సొమ్ము బ్యాంకుకు రాదు. అమెరికాలోని తెలుగువారు చూడగా వచ్చిన ఆదాయంపై అక్కడి పన్ను కోత పడుతుంది. పన్నుపత్రం నింపి ఉభయదేశాల ఒప్పందాన్ని ఉదహరించినవారికి ఆ కోత 15 శాతం, నింపనివారికి అంతకు మించి. ఇక వెయ్యిమంది చూస్తే ఇంత అన్న స్థిరమైన రేటు ఎక్కడా లేదు. చూసినవాడు ఏ దేశంలో ఉన్నాడు, ఆ వేళ ప్రకటన పడిందా లేదా అన్నదానిపై అది మారుతుంది.

వినడానికి మాత్రమే ఉద్దేశించిన స్పాటిఫై వంటి వేదికలకు పాటగాడు నేరుగా పోలేడు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ వంటి పంపిణీదారులకు ఏటేటా చందా కట్టో, వాటా ఇచ్చో వారి ద్వారా పోవాలి. పైగా ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటను రాయల్టీ లెక్కలోకి తీసుకోబోమని స్పాటిఫై 2024లో నిబంధన పెట్టింది. ఈ వేదికలైనా శాశ్వతమా అంటే అదీ కాదు. టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది. వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. ఒక్క దుకాణాన్నే నమ్ముకున్న పాటగాడు ఆ దుకాణంతోపాటే మునుగుతాడు.

ఈ నిబంధనలలో ఒక్కటి కూడా మన శాసనసభలలో చర్చకు వచ్చినది కాదు. కంపెనీ రాస్తుంది, పాటగాడు ఒప్పుకుంటాడు, అంతే. అందువల్లనే మన చట్టం అతనికి ఏమి ఇచ్చిందో తెలుసుకోవడం అవసరం. నిజానికి ఇచ్చింది తక్కువేమీ కాదు.

1977లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. పైకమిచ్చి పాట రాయించుకున్న, బాణీ కట్టించుకున్న సినీ నిర్మాతే కాపీరైటుకు యజమాని అన్నది దాని సారాంశం. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ ఒక అనుబంధం జోడించి, పాడే మనిషికి చట్టంలో చోటే లేకపోయిందని ఎత్తిచూపారు. 1994 సవరణలో గాయకులకు కొంత హక్కు వచ్చింది. అసలు మార్పు 2012లో. ఆ ఏడాది మే 17న రాజ్యసభలో జావేద్ అఖ్తర్ రచయితల, స్వరకర్తల దుస్థితిని వివరిస్తూ చేసిన ప్రసంగాన్ని పత్రికల గ్యాలరీ నుంచి విన్నాను. పక్షభేదం లేకుండా సభ్యులు బల్లలు చరిచారు. మే 22న లోక్‌సభ ఆమోదించగా, జూన్ 21న సవరణ అమలులోకి వచ్చింది.

ఆ సవరణ ఫలితం ఇది: పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ కాపీరైటును అమ్ముకున్నప్పటికీ, సినిమాహాలు ప్రదర్శన మినహా ఇతర వినియోగంపై రాయల్టీలో సమాన వాటా వారిదే. ఆ వాటాను వదులుకుంటున్నట్లు సంతకం పెట్టినా అది చెల్లదు. ఇక చట్టంలో అంతకుముందు నుంచే ఉన్న నియమాల ప్రకారం అమ్మకం లిఖితపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని భావించాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే.

అయితే ఇక్కడొక మెలిక ఉన్నది. మన కాపీరైటు చట్టం దృష్టిలో వీడియో పాట కూడా సినిమాయే. చొరవతో, బాధ్యతతో దాన్ని తీసినవాడే నిర్మాత. ఫోనుతో తీసుకున్న వండూర్ యువకుడు ఆ లెక్కన కవి, స్వరకర్త, గాయకుడు, నిర్మాత నాలుగూ తానే. మద్రాసు, హైదరాబాదు స్టూడియోలలో ఎందరో ఉద్దండులకు దక్కని స్థానమది. అతడు ఆ ఇంగ్లీషు కాగితంపై సంతకం చేస్తే రచనకు, బాణీకి చట్టం కాపాడే వాటా మిగులుతుంది. కాని దృశ్యంమీద, శబ్దంమీద యాజమాన్యం చేజారుతుంది. మిగిలిన ఆ వాటానైనా వసూలు చేసి ఇచ్చేదెవరు? 1969లో పుట్టి, 2017లో తిరిగి కాపీరైటు సొసైటీగా నమోదైన ఐ.పి.ఆర్.ఎస్. ముంబయిలో ఉన్నది. అందులో సభ్యుడు కాని పాటగాడికి హక్కు కాగితంమీదే ఉంటుంది.

జానపదానికి వచ్చేసరికి చిక్కు మరింత బిగుస్తుంది. తాతలనాటి పాటకు కర్త ఎవరు? 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని సారంగదరియా పాట ఊరూరా మోగినప్పుడు, ఆ పాటను వెలికితెచ్చింది తానేనని జానపద గాయని కోమలి ప్రశ్నించారు. తెలుగునాట పెద్ద చర్చే జరిగింది. అంతర్జాలంలో ఈ తగాదాను మనిషి కాదు, యంత్రం తీరుస్తుంది. యూట్యూబులో కంటెంట్ ఐడీ అనే పద్ధతి ఉన్నది. అందులో ముందుగా తన రికార్డు నమోదు చేయించుకున్నవాడు, దానితో పోలిన ఇతరుల పాటపై హక్కు చాటి ఆ రాబడిని తనవైపు మళ్లించుకోవచ్చు. అవతలివాడు అయిదు రోజులలోగా అభ్యంతరం తెలిపితే మొదటి రోజు నుంచి వచ్చిన సొమ్ము తేలేదాకా పక్కన ఉంటుంది. వేటకు పోయి వారానికి ఇల్లు చేరేవాడి సంగతి ఆ యంత్రానికి పట్టదు.

మరి పార్లమెంటు ఏం చేస్తున్నది? 2021 జూలైలో వాణిజ్యశాఖకు చెందిన స్థాయీసంఘం మేధాసంపత్తి హక్కులపై 161వ నివేదిక సమర్పించింది. అప్పటి అధ్యక్షుడు మన రాష్ట్రానికి చెందిన రాజ్యసభ సభ్యుడు విజయసాయిరెడ్డి. రేడియో, టెలివిజన్‌లకున్న చట్టబద్ధ లైసెన్సు సౌకర్యాన్ని అంతర్జాల ప్రసారకులకూ విస్తరించాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ఆ సౌకర్యం అంతర్జాలానికి వర్తించదని టిప్స్, వింక్ సంస్థల వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పి ఉన్నది. ఈ వివాదం ఎటు తేలినా అది ప్రధానంగా పెద్ద సంగీత కంపెనీలకు, పెద్ద ప్రసార కంపెనీలకు మధ్య పేచీ. ఏనుగుల పోరులో గడ్డిపోచ లెక్కలోకి రాదు.

గడ్డిపోచకు కావలసినవి చిన్న పనులు. కాపీరైటు నమోదు తప్పనిసరి కాకపోయినా, తగాదా వస్తే సాక్ష్యంగా పనికివస్తుంది. దానికి రుసుము రచనకు, బాణీకి 500 రూపాయలు, శబ్దగ్రహణానికి 2,000, సినిమాకు 5,000. వీడియో పాట కూడా సినిమాయే కనుక, కోట్లతో తీసిన చిత్రానికీ ఫోనుతో తీసిన పాటకూ రుసుము ఒకటే! స్వయంగా తీసుకున్న పొట్టి చిత్రాలకు వేరే రేటు పెట్టడానికి చట్టం మార్చనక్కరలేదు, నియమావళి సవరిస్తే చాలు. నమోదు పత్రాలు, సొసైటీ సభ్యత్వ పత్రాలు తెలుగులో రావాలి. ఏటా ఒకసారి శ్రీవిజయపురంలో సభ్యత్వ శిబిరం పెట్టమని ఐ.పి.ఆర్.ఎస్.ను అడగాలి. అభ్యంతరాల గడువుపై, చెల్లింపుల లెక్కలపై వేదికల చేత జవాబు చెప్పించాలి. శాసనసభ లేని ఆ దీవులకు లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క గొంతు. రాజ్యసభలో అదీ లేదు. ఆ కొరతను ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులు తీర్చవచ్చు. ఒక్క ప్రశ్న వేయడానికి పక్షనాయకుల అనుమతి కూడా అక్కరలేదు.

ఆ యువకుడికి నేను చెప్పినది ఇంతే: సర్వహక్కులూ రాసివ్వవద్దు. అవసరముంటే రెండు మూడేళ్లకు అనుమతి మాత్రం ఇవ్వు. గడువూ, వాటా, లెక్క చూపించే తేదీ కాగితంమీద ఉండాలి. అసలు రికార్డు నీ దగ్గరే ఉంచుకో. అతడు ఓపికగా విని, "నిజమే బాబూ. కాని పదిహేను వేలంటే మాకు సిన్న మాట కాదు. పడవ ఇంజిను బాగుసేయించాల," అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నెలజీతగాడు ఇచ్చే సలహాకు ఖర్చుండదు. దాన్ని పాటించేవాడికే ఖర్చు.

నేను వచ్చేనాటికి అతడు సంతకం చేయలేదు. తర్వాత ఏం చేశాడో తెలియదు. చేసి ఉంటే తప్పు అతనిది కాదు. 1,224 కోట్లతో సముద్రాన్ని దాటించిన ప్రభుత్వం, ఒక పాటగాడిని ఒక కాగితం గండం దాటించలేకపోతే ఆ తప్పు ఢిల్లీదే.