నవ్వు ఎవరిమీద?

‘జాతిరత్నాలు’ మీద మనవాళ్ళ తగవు ఇంకా తెగలేదు. 2021 మార్చి 11న, మహాశివరాత్రినాడు విడుదలయిన చిత్రమది. ఈపాటికి మరుగున పడవలసిందే. కాని మొన్న వేసవిలో హనుమంతునిపాడులో ఓ ఉపాధ్యాయమిత్రుని ఇంటి వసారాలో పదిమందిమి కూర్చుని మళ్ళీ చూశాం. సినిమా అయిపోయినా దానిమీద వాదులాట అర్ధరాత్రి దాకా సాగింది. ఆ వాదులాటలో మన సాహిత్య విమర్శకు పట్టిన రెండు జబ్బులూ బయటపడ్డాయి గనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కథ తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. జోగిపేటలో పనీపాటా లేని కుర్రవాళ్ళు ముగ్గురు. అందులో శ్రీకాంత్ తండ్రికి ఊళ్ళో లేడీస్ ఎంపోరియం ఉంది. ఆ దుకాణం పేరే కుర్రవాడికి ఇంటిపేరయి కూర్చుంది. ఆ ఎగతాళి వదిలించుకోవడానికి పట్నం బయలుదేరతాడు. మిగతా ఇద్దరూ వెంటపడతారు. హైదరాబాదులో చాణక్య అనే ఎమ్మెల్యేమీద హత్యాప్రయత్నం చేశారన్న నేరం ముగ్గురి నెత్తిన పడుతుంది. దర్శకుడు అనుదీప్. నవీన్ పోలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ఆ ముగ్గురు. అగ్రహీరో లేడు, విదేశాల్లో తీసిన పాటల హంగు లేదు. కొద్ది ఖర్చుతో తీసిన బొమ్మకు జనం విరగబడ్డారు.

ఉపాధ్యాయమిత్రుల అభియోగం ఏమిటంటే, ఇందులో తర్కం లేదు. పోలీసు విచారణ అలా జరగదు. కోర్టు అలా నడవదు. పల్లెటూరివాళ్ళను వెర్రివెంగళప్పలుగా చూపి పట్నవాసులకు నవ్వు అమ్ముకొన్నారు. ఈ చివరి మాటలో నిజం లేకపోలేదు, దానికి తర్వాత వస్తాను. కాని తర్కం సంగతి! అదే సంవత్సరం జనవరిలో ‘క్రాక్’ వచ్చింది. అందులో మన ఒంగోలుకు దక్కిన ప్రతినిధి కటారి కృష్ణ అనే హంతకుడు. వాణ్ణి అణచడానికి వచ్చిన పోలీసు చెయ్యి చేసుకోవడమే వీరత్వం. ఒక్క మనిషి ఇరవైమందిని గాలిలోకి ఎగరేస్తే మన మాస్టర్లెవ్వరూ న్యూటన్ సూత్రాలు తీసి చూడలేదు. ‘అది కమర్షియల్ సినిమా, అలాగే ఉంటుంది’ అని సర్దుకొన్నారు. పోలీసు లాఠీకి అడగని తర్కం పోలీసును చూసి నవ్వినపుడు అడుగుతారెందుకు? పెద్దవాడి అబద్ధానికి మర్యాదగా దారి ఇచ్చి, చిన్నవాడి అబద్ధాన్ని చెవి పట్టుకొని నిలదీయడం మన ఊళ్ళో కరణాలనాటి అలవాటు. విమర్శలోకి ఎప్పుడు దిగిందో గాని దిగింది.

ఇక విద్యార్థి మిత్రులు. వీరి వాదం మరీ తేలిక. ‘నవ్వొచ్చింది సార్, చాలు. ప్రతిదాంట్లో వర్గాన్ని వెతుకుతారేంది?’ అన్నాడొక కుర్రవాడు. తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అబ్బాయీ, నవ్వు గాలిలోనుంచి రాదు. ఎవరో ఒకరిమీద పడితేనే వస్తుంది. గురజాడ 1909 నాటి కన్యాశుల్కంలో నేరమూ ఉంది, పోలీసులూ ఉన్నారు, కేసూ ఉంది. ఆడవేషం వేసుకొని పెళ్ళికూతురయిన కుర్రవాడు తప్పించుకొని పోతే, లేని పెళ్ళాన్ని చంపాడని ముసలి లుబ్ధావధాన్లుమీద ఖూనీ కేసు పడుతుంది. జరగని నేరం చుట్టూ పంతులూ పోలీసూ దొంగసాక్షులూ ఎలా మూగుతారో చూసి కడుపుబ్బ నవ్వుతాం. ఆ నవ్వు ఎవరిమీద పడింది? డబ్బిచ్చి పసిపిల్లను కొనబోయినవాడిమీద, ఆ బేరంలో వాటా తినే పెద్దమనుషులమీద. తెలుగువాడికి నేరాన్ని చూసి నవ్వడం కొత్తగాదు, ఆ నవ్వుకు గురి కావడమూ కొత్తగాదు.

1958లో ఇటలీలో మారియో మోనిచెల్లి ఓ సినిమా తీశాడు. రోమునగరంలో పూట గడవని దొంగలు కొందరు తాకట్టుకొట్టు పెట్టె పగలగొట్టాలని పథకం వేసి, గోడ తప్పు చోట పడగొట్టి వంటింట్లో తేలతారు. అక్కడ శనగలు వేసి వండింది ఉంటే కూర్చుని తింటారు. వారిలో ఒకడు చివరికి పోలీసుల కంట పడకుండా కూలీల గుంపులో దూరి, వద్దువద్దంటూనే ఇల్లు కట్టే పనిలోకి కొట్టుకొని పోతాడు. ఆ దొంగలూ వెర్రివాళ్ళే. కాని వారి వెర్రితనం వెనుక ఆకలి కనిపిస్తూనే ఉంటుంది. మన జోగిపేట ముగ్గురి వెనుక ఏమి కనిపిస్తుంది? గాజులూ రిబ్బన్లూ అమ్ముకొనే తండ్రిని చూసి కొడుకు పడే సిగ్గు కనిపిస్తుంది. అది బంగారంలాంటి సరుకు. పది నిమిషాలు వాడుకొని దర్శకుడు దాన్ని పారేశాడు. ఆ తర్వాత వాళ్ళు తెలివితక్కువవాళ్ళు, అంతే. మాస్టర్ల మాటలో నిజముందన్నది ఇక్కడే.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. దశాబ్దాలపాటు మన సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకీ నౌకరుకీ దక్కేది. ఇందులో అది కథానాయకుల మాట. మార్కాపురం, కనిగిరి యాసకు ఆ యోగం ఎన్నడో!

ఆ రాత్రి మాలో అందరికన్నా బిగ్గరగా నవ్వినవాడు ఒక బేల్దారి కుర్రవాడు. వెలిగొండ సొరంగాలకోసం తరాలు ఎదురుచూసిన పల్లెలు మావి. ఫ్లోరైడు నీళ్ళు తాగిన పల్లెలు. ఇక్కడి కుర్రకారుకు హైదరాబాదో బెంగుళూరో తప్పదు. ఈ కుర్రవాణ్ణి ఓ పట్నంలో పనిచేసే చోట రాగితీగ పోయిందని పట్టుకొనిపోయి రెండు రాత్రులు స్టేషన్లో కూర్చోబెట్టారు. ‘ఏ ఊరిదిరా నీది?’ అన్నదే మొదటి ప్రశ్న. చెబితే అర్థంకాక మళ్ళీ అడిగారట. తీగ తర్వాత దొరికింది. పోయిన కూలి దొరకలేదు. సినిమాలో పోలీసులను చూసి అతను పగలబడి నవ్వాడు. కోర్టు ఘట్టం వచ్చేసరికి, బ్రహ్మానందం జడ్జిగా కూర్చుని అందరినీ నవ్విస్తూంటే, మెల్లగా అన్నాడు:

‘మాకైతే అంత తొరగా జడ్జి దగ్గరికి బోనీలేదు సార్.’

ఎవ్వరూ మాట్లాడలేదు. తర్కం లేదన్న మాస్టర్లు గాని, నవ్వు చాలన్న విద్యార్థులు గాని ఈ లోపాన్ని పట్టుకోలేకపోయారు. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల ప్రకారం ఈ దేశపు జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు శిక్షపడినవారు కారు, విచారణకోసం ఎదురుచూస్తున్నవారు. పేదవాడికి శిక్షకన్నా ముందు వచ్చేది ఈ ఎదురుచూపు. చెయ్యని నేరానికి ముగ్గురు నిరుపయోగులను జైల్లో వేసి, సినిమా ఈ సత్యం గుమ్మం దాకా వచ్చింది. వచ్చి, లోపలికి తొంగిచూడకుండా వెనక్కు తిరిగింది. నవ్వు ఎక్కువయినందువల్ల కాదు, చాలినంత కసి లేనందువల్ల.

తక్కువ బడ్జెట్ సినిమా కనుక ఇది ప్రజల సినిమా అని ఒక విద్యార్థి అన్నాడు. ఈ భ్రమ కూడా వదులుకోవడం మంచిది. దీన్ని నిర్మించిన నాగ్ అశ్విన్, 2024లో వందల కోట్ల ‘కల్కి 2898 ఏడీ’కి దర్శకుడు. కొద్ది డబ్బుతో పందెం కాయడమూ పెట్టుబడికి తెలిసిన ఆటే. 2021లోనే ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’ కూడా చిన్న సినిమాయే. ఆటోవాడికి ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. అందులోనూ పల్లెటూరివాళ్ళ తెలియనితనానికి నవ్వుతాం. కాని వాళ్ళు పని చేస్తూండగా నవ్వుతాం, నేర్చుకొంటూండగా నవ్వుతాం. ఖర్చు రెండింటా కొద్దిదే, తేడా చూపులో ఉంది.

‘అయితే మన పిల్లలకు చూపించాలంటావా, వద్దంటావా?’ అని మాస్టరు విసుక్కొన్నాడు. చూపించమన్నాను, ‘క్రాక్’ కూడా పక్కన పెట్టి చూపించమన్నాను. బేల్దారి కుర్రవాణ్ణి కూడా పిలిచి మాట్లాడించమన్నాను. ఆయన సరేనన్నాడు గాని, అప్పటికే ఆ అబ్బాయి లేచి వెళ్ళిపోయాడు. తెల్లవారుజామున బస్సుంది.