దూరముననున్న పక్షిని స్పష్టముగా ఫొటో తీయుట ఎలా?



ఈ దినములలో మన పల్లెల్లోని యౌవనస్థులు అనేకులు కెమెరా పట్టుకొని చెరువు గట్లకు, అడవి అంచులకు వెళ్లుచున్నారు. ఇది మంచి అలవాటే. అయితే వారు తీసిన ఫొటోలు మాకు చూపించునప్పుడు తరచుగా ఒకే మాట వింటుంటాము: "పక్షి పడిందండీ, గాని మసకగా ఉంది. ఇంకా పెద్ద లెన్స్ కొనాలేమో." ఈ మాట విని తల్లిదండ్రులు దిగులుపడతారు. ఎందుకనగా పెద్ద టెలిఫోటో లెన్స్‌ల ధర లక్షల రూపాయలలో ఉంటుంది. పంట డబ్బుతోనో, అప్పు చేసియో దానిని కొనకముందు, ఆ మసక ఎక్కడ నుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది. చాలాసార్లు లోపము లెన్స్‌లో ఉండదు.

ఉదాహరణకు నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రమును తీసికొందము. సూళ్లూరుపేటకు సమీపముననున్న ఈ కేంద్రము 1976లో ఏర్పడినది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నది. ఏటా వానలకు చెరువు నిండిన తరువాత, అక్టోబరు మొదలుకొని మార్చి వరకు, గూడబాతులు, నత్తగుల్ల కొంగలు మొదలైనవి నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మనము గట్టు మీద ఉంటాము, పక్షి నీళ్ల నడుమ ఉంటుంది. మధ్య దూరము 100 మీటర్లు అనుకుందాము.

గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు. 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో 100 మీటర్ల నుండి తీస్తే, కెమెరా లోపలి సెన్సార్ మీద దాని బొమ్మ 5.6 మిల్లీమీటర్లే ఉంటుంది. అదే పక్షి 50 మీటర్ల దూరములో ఉంటే బొమ్మ 11.2 మిల్లీమీటర్లు అవుతుంది. అనగా దూరము సగమైతే 400 లెన్సే 800 లెన్స్ చేసే పని చేస్తుంది. మధ్యనున్న గాలి కూడా సగమవుతుంది. గనుక పక్షి మేతకు ఎక్కడ వాలుతుందో, ఏ వేళకు వస్తుందో ముందుగా గమనించి, అక్కడ కదలకుండా కూర్చుండి, అదే మన దగ్గరకు వచ్చేవరకు కనిపెట్టుట అన్నిటికంటె చవకైన లెన్స్.

ఇక మసకకు ముఖ్యముగా నాలుగు కారణములు గలవు. ఫొటోను పెద్దదిగా చేసి చూస్తే ఏది కారణమో అదే చెబుతుంది.

మొదటిది, చేతి వణుకు. ఫొటోలో పక్షి, కొమ్మ, ఆకులు అన్నీ ఒకే వైపునకు గీసినట్లు ఉంటే చెయ్యి కదిలినదని అర్థము. 50 మిల్లీమీటర్ల లెన్స్ కంటె 400 లెన్స్ పక్షిని 8 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. వణుకును కూడా అన్ని రెట్లు చూపిస్తుంది. పాతకాలము నుండి వచ్చిన లెక్క ఏమనగా, 400 లెన్స్‌కు షటర్ వేగము సెకనులో 400వ వంతుకంటె నెమ్మదిగా ఉండరాదు. చిన్న సెన్సార్ గల కెమెరాలకు ఇంకా వేగము కావాలి. ట్రైపాడ్ లేనివారు విచారపడనక్కర లేదు. ఒక గుడ్డ సంచిలో బియ్యమో, శనగలో ముప్పాతిక వంతు నింపి మూతి కుట్టి, గోడ మీదనో వాహనము కిటికీ మీదనో పెట్టి, దాని మీద లెన్స్‌ను ఆనించండి. వాహనములో ఉంటే ఇంజిను ఆపివేయండి. ఊపిరి సగము విడిచి, మీటను మెల్లగా నొక్కండి. వరుసగా నాలుగైదు ఫొటోలు తీస్తే, వాటిలో ఒకటి తేటగా వచ్చే అవకాశము ఎక్కువ.

రెండవది, పక్షి కదలిక. కొమ్మ తేటగా ఉండి పక్షి మాత్రమే మసకగా ఉంటే, కదిలినది పక్షియే. లెన్స్‌లో వణుకును తగ్గించే యంత్రము ఉన్నా అది మన చేతినే సరిచేస్తుంది గాని పక్షి రెక్కను ఆపలేదు. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు సాధారణముగా సరిపోతుంది. ఎగిరే పక్షికి 1000 నుండి 2000వ వంతు వరకు కావాలి. దీనికి వెలుతురు చాలకపోతే ఐ.ఎస్.ఓ.ను 800కో 1600కో పెంచుటకు వెనుకాడవద్దు. దానివలన ఫొటోలో ఇసుక చల్లినట్లు కొంత చుక్కలు కనబడవచ్చును. ఆ చుక్కలను తరువాత తగ్గించుకొనవచ్చును గాని, కదిలి చెదిరిపోయిన కంటిని తిరిగి తేలేము.

మూడవది, ఫోకస్ తప్పుట. ముందున్న గడ్డిపరక స్పష్టముగా ఉండి వెనుకనున్న పక్షి మసకగా ఉంటే, కెమెరా గడ్డిని పట్టుకొన్నదన్నమాట. టెలిఫోటో లెన్స్‌లో స్పష్టముగా పడే లోతు బహు తక్కువ. పెద్ద సెన్సార్ గల కెమెరాలో 400 లెన్స్‌ను 5.6 అపర్చర్ వద్ద ఉంచి 10 మీటర్ల దూరములోనున్న పక్షిని తీస్తే, ఆ లోతు సుమారు ఒక జానెడు మాత్రమే. కాబట్టి ఫోకస్ బిందువును ఒకదానికి కుదించి, సరిగా కంటి మీద పెట్టండి. కన్ను తేటగా ఉంటే తోక కొంచెము మసకబారినా ఫొటో నిలుస్తుంది. వెలుతురు చాలినంత ఉంటే అపర్చర్‌ను 8కి తగ్గించుట మంచిది. చాలా లెన్స్‌లు అక్కడ మరింత తేటగా పనిచేస్తాయి.

నాలుగవది, గాలి. మిట్టమధ్యాహ్నము తారు రోడ్డు మీద దూరముగా చూస్తే గాలి నీళ్లవలె అలలాడుట మనమందరము చూచినదే. మనకును పక్షికిని మధ్యనున్న గాలి కూడా వేడికి అలాగే ఆడుతుంది. ట్రైపాడ్ గట్టిగా ఉండి, షటర్ వేగముగా ఉండి, ఫోకస్ సరిగా ఉన్నా ఏదియు తేటగా లేకపోతే దోషము ఈ గాలిదే. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీనికి మందు కాదు. పెద్ద లెన్స్ ఆ అలలనే ఇంకా పెద్దవిగా చూపిస్తుంది. తెల్లవారిన తరువాత మొదటి రెండు గంటలలో గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది. పొలము పనికి వేకువనే లేచే మనవారికి ఇది కష్టము కాదు.

పూర్వము ఈ పని చేసినవారిని గూర్చి కొంచెము చెప్పవలెను. ఇంగ్లండు దేశములో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అను అన్నదమ్ములు ఉండేవారు. 1892లో చెర్రీ గుడ్లతో కూడిన పిట్టగూడును ఫొటో తీశాడు. 1895లో ఆ ఫొటోలతో పక్షిగూళ్లను గూర్చి పుస్తకము వెలువడినది. వీరు ఎద్దు చర్మముతో డొల్ల ఎద్దును చేయించి, దాని లోపల దాగి ఫొటోలు తీసేవారు. పచ్చికలో ఎద్దు నిలిచి ఉంటే పక్షులు బెదరవు గదా! మన దేశములో 1920 దశకములో ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీ అధికారి, పులి నడచే దారిలో తీగ కట్టి, పులి కాలు తగిలినప్పుడు కెమెరా దానంతటదే పనిచేసేటట్లు అమర్చి రాత్రివేళ ఫొటోలు తీశాడు. వీరు పక్షినో పులినో తరుముకొనిపోలేదు. దాని అలవాటును నేర్చుకొన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. దగ్గరగా తీయవలెనను ఆశతో గూళ్లున్న చెట్ల దగ్గరకు నీళ్లలో దిగిపోవుట, ఎగిరే ఫొటో కొరకు రాళ్లు వేయుట, కేకలు వేయుట కొందరు చేయుచున్నారు. తల్లిపక్షి లేచిపోయిన కొద్ది నిమిషములలోనే కాకులు గుడ్లను ఎత్తుకొనిపోగలవు. రెక్కలు రాని పిల్లలు ఎండకు తాళలేవు, బెదిరి గూటిలో నుండి పడిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గూళ్లను, గుడ్లను కలతపెట్టుటను కూడా వేటగానే లెక్కిస్తుంది. పక్షి మెడ చాచి మనవైపే చూస్తూ ఉన్నా, మేత మానినా, మనము హద్దు దాటినట్లే, వెనుకకు జరగండి. నేలపట్టు గ్రామస్థులు తరతరములుగా ఈ పక్షులను కాపాడుచున్నారు. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలములకు బలమని వారు చెబుతారు. వారు ఇన్నేండ్లు కాచిన గూటిని ఒక ఫొటో కొరకు మనము పాడుచేయరాదు.

కెమెరా లేని ఇండ్లలో ఫోను ఉంటుంది. ఫోనులో వ్రేళ్లతో లాగి పెద్దది చేస్తే అది చాలావరకు బొమ్మను సాగదీయుటే, వివరము పెరగదు. బైనాక్యులర్ ఉన్నవారు దానిని గోడకు ఆనించి, కంటి అద్దమునకు ఫోను కెమెరాను సరిగా చేర్చి తీసి చూడండి, పిల్లలు ఆశ్చర్యపడతారు. ఇంకను పెద్ద లెన్స్ కావలెనని తోచినవారికి, పట్టణములలో రోజు అద్దెకు ఇచ్చే దుకాణములు ఉన్నవి. ముందు ఒక దినము తెచ్చి పరీక్షించి, అప్పుడు కొనే సంగతి ఆలోచించండి.

తల్లిదండ్రులారా, మీ కుమారుడో కుమార్తెయో కొత్త లెన్స్ అడిగినప్పుడు వెంటనే కాదనవద్దు, వెంటనే కొననూ వద్దు. వారు తీసిన మసక ఫొటోలు పది తెప్పించి, పైన చెప్పిన నాలుగు కారణములలో ఏది ఏ ఫొటోలో ఉన్నదో వారినే చెప్పమనండి. తరువాత ఒక వారము దినములు వేకువనే, బియ్యపు సంచితో, ఊరి చెరువు దగ్గరకే పంపండి. ఆ వారము గడిచిన పిమ్మట ఇంకా లెన్స్ కావాలంటే, అది ఎందుకు కావాలో వారే మీకు చక్కగా చెప్పగలరు.