కాకులే కనిపించాయా? అదే రాయనివ్వండి

ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో పిల్లలున్న ఇంటికి ఏడాదికోసారి ‘వన్యప్రాణి సంరక్షణ’ ప్రాజెక్టు తప్పకుండా వస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు, టీచర్లం మాకూ తెలుసు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నాన్న స్టేషనరీ షాపుకి పరిగెత్తి పులి, ఏనుగు, ఖడ్గమృగం ఉన్న బొమ్మల చార్టు కొనుక్కొస్తారు. అమ్మ కత్తిరించి అతికిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన రెండు పేరాలు ప్రింటు తీస్తారు. సోమవారం పొద్దున్నకి క్లాసు గోడ మీద నలభై పులులు వరసగా కొలువుదీరతాయి. పిల్లవాడికి మాత్రం అందులో ఒక్క పులి గురించి కూడా కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

ఈసారి చార్టు మానేసి పిల్లల చేత ‘ఈబర్డ్’ తెరిపించండి అన్నది నా మాట. ఇది ఉచితంగా దొరికే వెబ్‌సైటు, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయి అన్నది నమోదు చేయాలి, అంతే. అలా నమోదైన జాబితాలే సంరక్షణ ప్రణాళికలకు ముడిసరుకు. మన దేశంలో 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికకు ఆధారం 30 వేల మందికి పైగా పరిశీలకులు ఇలా రాసిన 3 కోట్లకు పైగా నమోదులు. 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. వాటిలో 178 జాతుల మీద ముందుగా దృష్టి పెట్టాలని తేల్చారు.

ఆ నివేదికలో మన తెలుగువాళ్లు ఆగి చదవాల్సిన పేరు ఒకటుంది. పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి వెళ్తూ దారిలో కనిపిస్తే శుభమని మనం వెతుక్కునే పిట్ట. (దాన్ని పట్టి పంజరంలో పెట్టి, పది రూపాయలకు దర్శనం చేయించేవాళ్లకు డబ్బులివ్వకండి. దాన్ని పట్టడమే చట్టరీత్యా నేరం.) ప్రపంచవ్యాప్తంగా ప్రాణుల స్థితిని చెప్పే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో 2023 నాటికి ఇది పెద్దగా ఆందోళన అక్కర్లేని వర్గంలోనే ఉండేది. మన దేశంలో మాత్రం గట్టిగా తగ్గుతోంది కాబట్టి దాని స్థాయిని మళ్లీ పరిశీలించాలని 2023 నివేదిక కోరిన 14 జాతుల్లో పాలపిట్ట కూడా చేరింది. కరెంటు తీగ మీద కూర్చుని కనిపించే మామూలు పిట్ట కనుక, తగ్గిపోతోందని కంటిచూపుకి ఎవరికీ అనిపించలేదు. లెక్క చెప్పింది.

ఆ లెక్క ఎలా కడతారో తెలిస్తే నా అసలు విషయం మీకు అర్థమవుతుంది. ఒక జిల్లా నుంచి ఒక ఏడాది వంద జాబితాలు వచ్చాయనుకోండి. అందులో ముప్ఫై జాబితాల్లో పాలపిట్ట ఉంది. పదేళ్ల తర్వాత మళ్లీ వంద జాబితాలు తీస్తే పద్దెనిమిదింటిలోనే ఉంది. పిట్ట తగ్గిందని అక్కడ తెలుస్తుంది. ఇది పని చేయాలంటే పాలపిట్ట లేని జాబితాలు కూడా నిజాయితీగా ఉండాలి. అందుకే ఈబర్డ్ చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా? ‘అవును’ అన్న జాబితాకే విలువ ఎక్కువ. కాకులు పన్నెండు, పావురాలు ఇరవై, గోరింకలు నాలుగు, ఇంకేమీ లేవు అని పదిహేను నిమిషాలు నిలబడి రాసిన జాబితా శాస్త్రవేత్తకు బంగారం. అడవికి వెళ్లి ఒక్క అరుదైన పిట్టను మాత్రం రాసి, మిగతావి వదిలేసిన జాబితాతో ఈ లెక్క కట్టలేం.

ఇక్కడే మన ఇళ్లలో, మన స్కూళ్లలో ఉన్న జబ్బు అడ్డొస్తుంది. పక్కింటి అబ్బాయి పదిహేను రకాలు రాశాడని క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటో పడగానే, మన పిల్ల రాసిన ఆరు రకాలు మనకు చిన్నతనంగా కనిపిస్తాయి. ‘ఒక పాలపిట్ట, ఒక లకుముకిపిట్ట కలుపు, ఎవరు చూడొచ్చారు?’ అంటాం. చార్టు మీద అతికించిన పులి వల్ల పులికి ఏ నష్టమూ లేదు. ఈబర్డ్‌లో చూడకుండా రాసిన పాలపిట్ట అలా కాదు. నిజంగా మాయమైన చోట అది ఇంకా ఉందని చెబుతుంది. అరుదైన పిట్టను, ఆ కాలంలో అక్కడ ఉండని పిట్టను రాస్తే స్వచ్ఛందంగా పని చేసే సమీక్షకులు ఆపి అడుగుతారు. పాలపిట్ట లాంటి మామూలు పిట్ట దగ్గర ఎవరూ ఆపరు. అక్కడ కాపలా ఉండేది మీ పిల్లవాడి నిజాయితీ ఒక్కటే. పదేళ్ల పిల్లవాడు రాసింది దేశం లెక్కల్లోకి వెళ్లే సందర్భాలు మన చదువుల్లో ఇంకెక్కడున్నాయి?

పిచ్చుకల సంగతీ చూడండి. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోతున్నాయని ప్రతి మార్చిలో మన ఫోన్లకు మెసేజీలు వస్తాయి, పిల్లలు వ్యాసాల్లో అదే రాస్తారు. 2020 నాటి నివేదిక మాత్రం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో తగ్గుతూ వచ్చిందని చెప్పింది. నగరంలో ఎందుకు తగ్గింది, పల్లెలో ఎందుకు నిలిచింది అని పిల్లవాడు అడిగితే అదీ ప్రాజెక్టు. గూడు పెట్టే సందులు లేని అద్దాల భవనాలు, పిల్లలకు తినిపించడానికి పురుగులు దొరకని సిమెంటు పెరళ్ల గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఒక పిట్ట ఫలానా చోట ఉందన్న సమాచారం ఎంత పని చేయగలదో కడప జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కచ్చితంగా దొరకలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల దగ్గర స్థానికుల సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ కనుగొన్నారు. తర్వాత అక్కడ అభయారణ్యం వచ్చింది. దాని చిట్టడవి మీదుగా వెళ్లాల్సిన తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

‘ఒలింపియాడ్ ఉంది, ఫౌండేషన్ క్లాసులున్నాయి, పిట్టలకు టైమెక్కడ’ అని మీరు అడుగుతారు. న్యాయమే. వారానికి పదిహేను నిమిషాలు చాలు, ఆదివారం పొద్దున్న, చార్టు షాపుకి వెళ్లొచ్చే సమయం కంటే తక్కువ. కెమెరా, బైనాక్యులర్స్ ఏవీ కొనక్కర్లేదు. గుర్తుపట్టడానికి అదే కార్నెల్ వాళ్ల ‘మెర్లిన్’ యాప్ ఉంది, కూత విని పేరు చెబుతుంది. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది. అందుకని యాప్ చెప్పిందే రాయనివ్వకుండా ‘నువ్వు చూశావా? ఏ రంగు? తోక ఎంత పొడుగు?’ అని అడగండి. తెలియకపోతే వదిలేయమనండి. నాయనమ్మో తాతయ్యో ఇంట్లో ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి. జెముడుకాకిని, పసులపోలిగాడిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకా వాళ్లే.

ఖాతా మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తెరవండి. ఈబర్డ్‌లో పెట్టే జాబితాలు అందరికీ కనిపిస్తాయి. కాబట్టి ఇంటి అడ్రసును చోటుగా పెట్టకుండా దగ్గర్లోని పార్కునో చెరువునో ఎంచుకోండి. అమీన్‌పూర్ చెరువు, ఉప్పలపాడు లాంటి పేరున్న చోట్లు పటంలో ముందే ఉంటాయి. మీ పేరు కనిపించకుండా చేసే సెట్టింగు కూడా ఉంది. పిల్లల ఫొటోలు అసలు పెట్టొద్దు.

తోటి టీచర్లకు కూడా ఒక మాట. ఎన్ని రకాలు రాశారన్నదాని మీద మార్కులు వేయొద్దు. వేస్తే పిల్లలు లేని పిట్టల్ని పుట్టిస్తారు, ఆ తప్పు మనదే అవుతుంది. వరసగా ఎన్ని వారాలు వెళ్లారో చూడండి, ఒక్కో జాబితాలో సమయం, చోటు సరిగ్గా రాశారో లేదో చూడండి. ‘ఇది నాకు తెలియలేదు’ అని వదిలేసిన పిల్లకు మార్కులు కోయకండి. పేరెంట్స్ మీటింగులో ఈ ప్రాజెక్టు మార్కుల గురించి మమ్మల్ని నిలదీయాలనుకుంటే ఈ ఒక్క విషయం మీదే నిలదీయండి.

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. అదే సమయంలో మన దేశంలోని స్కూళ్లు, కాలేజీలు తమ ఆవరణలోనే పిట్టలను లెక్కించే ‘క్యాంపస్ బర్డ్ కౌంట్’ కూడా ఉంటుంది. అప్పటికి మీ పిల్లలు కాకికీ కోకిలకీ, గోరింకకీ పికిలిపిట్టకీ తేడా చెప్పగలిగితే చాలు. మా క్యాంపస్‌లో ఎక్కువగా కనిపించేవి పావురాలే. ఆ నాలుగు రోజులూ పిల్లల చేత పావురాలే లెక్కపెట్టిద్దాం.