పెట్టెకు తాళం



ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరిన రోజు నాన్న నాకు ట్రంకుపెట్టె, తాళం కొనిచ్చాడు. సబ్బు, పెన్నులు పోకుండా ఆ తాళం కాపాడింది. ఇప్పుడు ఎం.సి.ఎ. చివరి సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అయినా ఆ తాళం అలవాటు పోలేదు.

పాత డి.టి.పి. ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాశాను. మన పాత సంచికలు అలాంటి ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఇవ్వమని మిత్రుడు ఎన్నిసార్లు చెప్పినా ఏడాదిపాటు పెన్‌డ్రైవ్‌లోనే దాచుకున్నాను.

ఎందుకు? నా కోడ్ చూసి నవ్వుతారేమో, నా ఇంగ్లీషులో తప్పులు పట్టుకుంటారేమో, ఎవరైనా తమ పేరు పెట్టుకుంటారేమో! వీటికి తోడు నాన్న ప్రశ్న: "కష్టపడి చేసింది ఊరికే ఎందుకిస్తావురా?" కూలి సరిగా అందని బతుకులోంచి వచ్చిన ప్రశ్న అది. తీసిపారేయలేను.

కానీ నేను వాడిన లినక్స్, పైథాన్ ఇతరులు ఊరికే ఇచ్చినవే కదా! 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను బయటపెట్టినప్పుడు అతను హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి, వయసు 21. అప్పటికి అది అసంపూర్తి పనే. తెలుగులో వెన్న నాగార్జున గారు ఇలాంటి ఫాంట్ల మార్పిడికే 'పద్మ' తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు. ఇక పేరు సంగతి. జి.పి.ఎల్. లైసెన్సు కింద ఇచ్చినా కాపీరైటు మనదే. దాన్ని మార్చి పంచేవాళ్ళు మన పేరు తీసేయకూడదు, తమ మార్పులను కూడా అదే షరతు మీద ఇవ్వాలి.

ఇది మనకు కొత్తా? నేను పదో తరగతిలో చదివిన లెక్కల నోట్సులో మూడు చేతిరాతలుండేవి. తప్పు కనిపిస్తే పక్కన దిద్ది తర్వాతివాళ్ళకు ఇచ్చేవాళ్ళం. మొదట రాసిన అన్నను చూసి ఎవరూ నవ్వలేదు. ఆ నోట్సుతోనే పాసయ్యాం.

అన్నీ ఊరికే ఇచ్చేయమని నేననను. చేసే ఉద్యోగానికి జీతం గట్టిగానే అడగాలి. కానీ పెట్టెలో పడి ఉన్న పని నాకు కూలీ తేలేదు, ఇంకొకరికి అక్షరమూ చూపించలేదు.

పోయిన వారం ప్రోగ్రాం పంపించాను, నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి. జవాబు ఇంకా రాలేదు. నాన్నకు చెప్పాల్సిన జవాబు కూడా పూర్తిగా దొరకలేదు. కానీ భయం మాత్రం సగం తగ్గింది.

తమ్ముళ్ళూ, సబ్బుకు తాళం వేసుకోండి. నేర్చుకున్నదానికి వద్దు.