కొలిచి చూపని భయము

2023 నిజ శ్రావణమాసమున, జపాను దేశమువారు ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రములోని నీటిని పసిఫిక్ మహాసముద్రమునకు విడువ నారంభించిరన్న వార్త వెలువడిన మూడునాలుగు దినములకు, జహీరాబాదు అంగడిలో నేను బెల్లము తూయించుకొనుచుండగా, ప్రక్కన నిలిచియున్న యొక వృద్ధురాలు పది కిలోల దొడ్డుప్పు కట్టుమని దుకాణదారునితో చెప్పినది. ఊరగాయల కాలము కాదు. ఇంత ఉప్పెందుకమ్మా అని అడుగగా, ఆమె కొంగుముడి విప్పుచు, "సముద్రంల విషం కలుపుతున్రంట గద సారూ, మా మనుమడు ఫోన్ల చూపించిండు. ఇగ రేపటి సంది వచ్చే ఉప్పు మంచిగుంటదో లేదో, పసిపిల్లలు తినే ఇల్లాయె" అన్నది.

జహీరాబాదునుండి ఏ తీరమునకు పోవలెనన్నను వందలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేయవలసినదే. ఆ తల్లి తన జీవితమున సముద్రమును చూచినదో లేదో నేనెరుగను. కాని జొన్నరొట్టెలో, పప్పులో, పచ్చిపులుసులో చిటికెడు ఉప్పై సముద్రము దినమునకు రెండు పూటలు ఆమె ఇంటికి వచ్చుచునే యున్నది. అదే సమయమున దక్షిణ కొరియాలోను, చైనాలోను జనులు ఉప్పుకొరకు దుకాణములపై ఎగబడిరి. సియోలు నగరపు గృహిణికిని, మన ఊరి వృద్ధురాలికిని ఒకే భయము కలిగినదన్నమాట. దానిని మూఢత్వమని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు.

అంగడిలో నిలువుకాళ్లపై నేనామెకు చెప్పిన సమాధానము ఇది. 2011 మార్చి 11న వచ్చిన భూకంపమునకు, సునామీకి ఆ కేంద్రము దెబ్బతిని, లోపలి ఇంధనము కరిగిపోగా, దానిని చల్లార్చుటకు పోసిన నీరు ఏండ్ల తరబడి పేరుకొని, వేయికి పైబడిన ట్యాంకులలో 13 లక్షల టన్నులు దాటినది. ఆ నీటిని వడపోసి సీజియము, స్ట్రాన్షియము వంటి పదార్థములను చాలవరకు తీసివేయవచ్చును గాని, ట్రిటియమును మాత్రము ఆ వడపోతతో తీయుట సాధ్యము కాదు. ఏలయన అది హైడ్రోజనుకే మరియొక రూపము, నీటిలో నీరై కలిసియుండును. కనుక దానిని లీటరుకు 1500 బెకరెల్లకు లోబడునట్లు సముద్రజలముతో పలుచన చేసి విడుచుచున్నారు. త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ప్రమాణమే 10,000 బెకరెల్లు. ఒక సెకనులో ఒక్క పరమాణువు విచ్ఛిన్నమగుట ఒక బెకరెల్. మనము తినెడి అన్నపానములలోని పొటాషియము వలన మన దేహములోనే సుమారు 4000 బెకరెల్లు నిత్యము ఉండును. మన ఉప్పులో అధికభాగము గుజరాతు మళ్లలో పండునది, పసిఫిక్ తీరమున పండునది కాదు. ఎండకు మడిలోని నీరు ఆవిరియైనప్పుడు, నీటితో కూడిన ట్రిటియము నీటితోనే పోవును, మిగులునది ఉప్పు.

ఆమె శ్రద్ధగా విన్నది. విని, "గట్లని ఎవరు చెప్పిన్రు సారూ? కలిపినోళ్లేనా?" అని అడిగినది.

ఈ ప్రశ్నను నేను నేటికిని మరువలేదు. ఆ నీరంతయు శుద్ధమైనదని, ట్రిటియము తప్ప వేరేమియు మిగులలేదని జనులు నమ్మియుండగా, ట్యాంకులలోని 8,90,000 టన్నుల శుద్ధజలములో దాదాపు 7,50,000 టన్నుల యందు ఇతర పదార్థములును పరిమితిని మించియే యున్నవని ఆ కేంద్రమును నడుపు విద్యుత్సంస్థ 2018లో ఒప్పుకొనవలసి వచ్చినది. మరల వడపోయుదుమని వారు మాట ఇచ్చిరి. 2023 జులైలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ విడుదల పద్ధతిని పరీక్షించి, భద్రతా ప్రమాణములకు అనుగుణముగనే యున్నదని నివేదిక ఇచ్చినది. ఆ నివేదికను నేను విశ్వసించుచున్నాను. అయినను ఒకమారు ఆలస్యముగా నిజము చెప్పినవారి మాటను రెండవమారు ఆలకించువారు సందేహించినచో, ఆ సందేహమునకు బాధ్యులు ఆలకించువారు కారు.

మన దేశమునకును ఈ భయము క్రొత్తది కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టరు ప్రేలిన పిమ్మట, ఐర్లండు దేశమునుండి దిగుమతియైన వెన్నలో అణుధార్మికత కలదన్న వివాదము మన సుప్రీంకోర్టు వరకును పోయినది. న్యాయస్థానము నిపుణుల సంఘమును నియమించి, ఆ వెన్న హానికరము కాదన్న వారి అభిప్రాయమును స్వీకరించి 1988లో ఆ వ్యాజ్యమును ముగించినది. కాని ఆ నిపుణులు చూచిన అంకెలు పాలకేంద్రముల యొద్ద వరుసలో నిలిచిన తల్లులకు వారి భాషలో చేరవలెనన్న తలంపు మనకు అలవడనేలేదు.

ఫుకుషిమా మనకు దూరము. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె దూరము కాదు. యురేనియం కార్పొరేషన్ వారి గనికి 2007లో శంకుస్థాపన జరిగి, అచ్చటి సున్నపురాతినుండి క్షారద్రవముతో యురేనియమును తీయు కర్మాగారము 2012లో పనిచేయ నారంభించినది. అచ్చటి ముడిరాతిలో లోహము అత్యల్పము. వేయి కిలోల రాయి నలుగగొట్టినచో అర్ధకిలో యైనను దక్కదు. తక్కిన రాయియంతయు బురదయై, టెయిలింగ్ పాండు అని అందరు పిలుచు వ్యర్థాల చెరువునకు గొట్టముల వెంట పోవును. చెరువు చుట్టుపట్ల పల్లెలవారు తమ బోరు నీరు మారినదనియు, అరటితోటలు ఎండుచున్నవనియు, ఒంటిపై దద్దురులు లేచుచున్నవనియు మొరపెట్టుకొనిరి. సంస్థవారు తమ చెరువు అందులకు కారణము కాదనిరి. చెరువు అడుగున వేయవలసిన పొర విషయమై 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంజాయిషీ అడిగినది. అరటి ఆకు అంచు మాడి, గోధుమవర్ణమునకు తిరిగి, ఈనె వరకు ఎండుచుండుటను చూచిన రైతు, అది ఉప్పునీటివలననా, తెగులువలననా, యురేనియమువలననా అని కంటితో చెప్పజాలడు. ఒకరు కాదందురు, ఒకరు ఔనందురు. నడుమ ఆ నీటినే త్రాగుచు పశువులు నిలిచియుండును.

నీటిలోని యురేనియము అణుధార్మికతకంటె రసాయనస్వభావము వలననే ముందుగా హాని చేయును, మూత్రపిండములను దెబ్బతీయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు పెట్టినది. గనులు లేనిచోట్లను, పాతాళపు శిలలనుండియే అది నీటిలోనికి దిగవచ్చును. పంజాబు, హర్యానాలలోనే గాక తెలంగాణ, ఆంధ్రలలోని కొన్ని బావులలోను ఆ హద్దు దాటినట్లు కేంద్ర భూగర్భజల మండలి 2020లో ప్రకటించినది. 2019లో నల్లమలలో యురేనియము అన్వేషణ వలదని జనులు లేచి నిలిచినప్పుడు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసినది. అడవిని కాపాడుకొనుటకు మనము చూపిన ఆ పట్టుదల, ఇంటి ముంగిటి చేదబావి విషయమున ఏల కొరవడినదో నాకు బోధపడదు.

ఫుకుషిమావాసులు ఏమి చేసిరో చూడుడు. జపాను ప్రభుత్వము 2012 ఏప్రిలునుండి సామాన్యాహారములకు సీజియము హద్దును కిలోకు 100 బెకరెల్లకు తగ్గించినది. ఆ యేటి పంటతో మొదలిడి ఫుకుషిమా జిల్లావారు ప్రతి బియ్యపు బస్తాను, ఏటికి సుమారు కోటి బస్తాలను, యంత్రముపై నుంచి కొలిచిరి. 2015 పంటనుండి హద్దు దాటిన బస్తా ఒక్కటియు దొరకలేదు. ఇవాకి పట్టణములో తల్లులు పూనుకొని తారాచినే అను ప్రయోగశాలను 2011లోనే స్థాపించి, పెరటి కూరలను, తీరపు చేపలను తామే పరీక్షించిరి. కలిపినవారు చెప్పిన మాటకై వారు కాచుకొని కూర్చుండలేదు.

మన జహీరాబాదు స్త్రీలు వారికి తీసిపోరు. పస్తాపూరు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, బడిముఖము చూడనివారు సైతము, కెమెరా పట్టి వరంగల్ ప్రత్తిరైతుల కష్టములను చిత్రించిరి. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియోను నెలకొల్పి తమ పంటల మాట తామే పలికిరి. విత్తనమును తడిమి గుణము చెప్పగల ఆ చేతులకు నమూనా సీసా అప్పగించినచో వారు తప్పక నిర్వహింతురు. ఏటికి రెండుమారులు, వానలకు ముందొకటి, తరువాతొకటి, ప్రతి ఊరి త్రాగునీటి నమూనాను వారు తీసి పంపవలెను. దానిని యురేనియమునకు కూడ పరీక్షించవలెను. ఫలితమును తెలుగున పంచాయతీ గోడపై వ్రాయవలెను, రేడియోలో చదువవలెను. చప్పుడు చేయు గైగర్ కౌంటరు ఈ పనికి చాలదు. నీటిలోని యురేనియమును ప్రయోగశాలయే చెప్పగలదు గనుక ప్రభుత్వము ఖర్చు భరింపక తప్పదు.

ఆనాడు ఆమె చివరకు రెండు కిలోల ఉప్పు మాత్రమే కొన్నది. సంచి చంకనిడుకొని, "మరి మా బోరు నీళ్లు ఎవరన్న చూసిన్రా సారూ?" అని అడిగినది. మన ప్రాంతపు ఎర్రనేల క్రింద ఉన్నది నల్లరాయి. గ్రానైటు సీమలలోకంటె ఇచ్చట యురేనియము తక్కువగా నుండుటకే అవకాశము మెండు. అయినను అది నా అంచనాయే గాని కొలత కాదు. మరునాడు ఆమె మనుమడు తెచ్చి ఇచ్చిన సీసాను నేను పరీక్షకు పంపితిని. పది దినములకు పత్రము వచ్చినది. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యము, లవణములు అన్నియు వరుసగా అచ్చు వేసియున్నవి. యురేనియమునకు అందులో వరుసయే లేదు.