చిన్న గప్పీ... పెద్ద గప్పీ

పాత స్కూటరు కొనాలంటేనే పదిమందిని అడుగుతాం. ఇంజిన్ చప్పుడు విని, టైర్లు తట్టి చూసి, మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లి మరీ బేరమాడతాం. అలాంటిది నడిసముద్రంలో వారాల తరబడి ఒంటరిగా బతకడానికి ఓ పాత పడవ ఎంచుకోవాలంటే? అందులో వెళ్లేది పద్నాలుగేళ్ల అమ్మాయైతే? నెదర్లాండ్స్‌కు చెందిన లారా డెకర్ ఇంట్లో ఎదురైన ప్రశ్న అదే.

లారా 1995లో న్యూజిలాండ్‌లో పుట్టింది. అప్పటికి అమ్మానాన్నలు తెరచాప పడవలో లోకం చుట్టే పనిలో ఉన్నారు. దాంతో ఆమె పసితనమంతా నీళ్లమీదే గడిచింది. ఆరేళ్లకే బుల్లి పడవ నడపడం మొదలెట్టింది. దానికి పెట్టుకున్న పేరు గప్పీ. దోమల పిల్లల్ని తింటుందని మన ఊళ్లలో నీటికుంటల్లో వదులుతారే... ఆ చిట్టి చేప పేరే! తర్వాత పడవలు మారినా పేరు మాత్రం మారలేదు.

చిన్నదానితో చదువు

వాటిలో చెప్పుకోదగ్గది హర్లీ 700. పొడవు 7 మీటర్లు... అంటే 23 అడుగులు. మన ఇళ్లలో ఓ పెద్ద హాలంత. వెడల్పు అందులో సగం కూడా ఉండదు. పడకా, పొయ్యీ, సామాన్లూ అన్నీ అందులోనే. నిజమే, ఇరుకే. కానీ చిన్న పడవకు తెరచాపలూ చిన్నవే. పిల్ల చేతులకు కూడా లొంగుతాయి. ధర తక్కువ. రేవుల్లో అద్దె చాలాచోట్ల పొడవును బట్టే కట్టాలి కాబట్టి అదీ తక్కువే. పొరపాటు జరిగితే పోయేదీ కొంచెమే. నేర్చుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

2009 మేలో పదమూడేళ్ల లారా ఆ పడవ వేసుకుని ఒక్కతే ఉత్తర సముద్రం దాటింది. ఇంగ్లాండ్‌లోని లోస్టాఫ్ట్ రేవు చేరింది. పసిపిల్ల ఒంటరిగా రావడం చూసి అక్కడి అధికారులు కంగారుపడ్డారు. తండ్రిని పిలిపించారు. ఆయన వచ్చారు. అయినా తిరుగు ప్రయాణంలోనూ కూతురు ఒంటరిగానే వెళ్లింది!

ఆ వేసవిలోనే, ప్రపంచమంతా ఒంటరిగా చుట్టొస్తానని లారా ప్రకటించింది. దాంతో గొడవ కోర్టుకెక్కింది. పిల్ల ప్రాణం ముఖ్యమా, కల ముఖ్యమా? దేశమంతా ఇదే చర్చ. కోర్టు ప్రయాణాన్ని ఆపింది. ఆమెను అధికారుల పర్యవేక్షణలో ఉంచింది.

పొడవు పెరిగితే ఏమవుతుంది?

ఆ ఆగిన సమయంలోనే మరో పాత పడవ ఇంటికొచ్చింది. పేరు జిన్ ఫిజ్. ఫ్రాన్స్‌లోని జానో సంస్థ తయారీ. 1970ల నాటి నమూనా. పొడవు దాదాపు 12 మీటర్లు. పాత గప్పీతో పోలిస్తే ఐదు మీటర్లు ఎక్కువ. ఆ మాత్రానికే అంత తేడా ఉంటుందా? ఉంటుంది.

మొదటిది వేగం. పడవలో నీటిని తాకే భాగం ఎన్ని అడుగులుందో చూడాలి. దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే, గంటకు గరిష్ఠంగా ఎన్ని నాటికల్ మైళ్లు పోగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది 16 అడుగులైతే సుమారు 5.4 మైళ్లు. 25 అడుగులైతే 6.7. తేడా ఇంతేనా అనిపిస్తుంది. కానీ సముద్రం మీద పడవ రాత్రీపగలూ నడుస్తుంది. రోజు తిరిగేసరికి ముప్ఫై మైళ్ల పైనే లాభం! ప్రయాణం తగ్గితే తుపానుకు చిక్కే రోజులూ తగ్గుతాయి.

రెండోది బరువు. అదే ఆకారంలో పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. బరువైన పడవను అల అంత తేలిగ్గా విసిరేయలేదు. నీళ్లూ, తిండీ నెలలకు సరిపడా పెట్టుకోవచ్చు.

కానీ ఆ బరువే భారం కూడా. లంగరు బరువు. తాళ్లు మందం. గాలి నిండిన పెద్ద తెరచాపను ఒక్కరే దించడం చాలా కష్టం. జిన్ ఫిజ్‌కి రెండు కొయ్యలుండటం ఇక్కడ కలిసొచ్చింది. చాపల భారం రెండు కొయ్యలకూ పంచితే ఒక్కో చాప చిన్నదవుతుంది కదా!

పాత పడవతో మరో చిక్కుంది. ఏళ్లు గడిచేకొద్దీ ధర తగ్గుతుందిగానీ పొడవు తగ్గదు. ఫైబర్ గ్లాసు ఒంటికి నీటి పొక్కులు లేచినా, కొయ్యను పట్టి ఉంచే ఉక్కు తీగలు బలహీనపడినా, అడుగున బరువును బిగించిన బోల్టులు తుప్పుపట్టినా మరమ్మతు ఖర్చు పడవ సైజును బట్టే. అందుకే చవగ్గా వచ్చిన పెద్ద పడవ ఒక్కోసారి రేవు దాటకుండానే జేబు ఖాళీ చేస్తుంది. లారా తండ్రి పడవలు కట్టడం తెలిసిన మనిషి. తండ్రీకూతుళ్లు కలిసి దాన్ని సిద్ధం చేశారు. ఆమె ప్రథమ చికిత్స నేర్చుకుంది. నిద్ర లేకుండా నెట్టుకురావడమూ సాధన చేసింది.

2010 జులై 27న కోర్టు పర్యవేక్షణ ఎత్తేసింది. ఆగస్టులో లారా జిబ్రాల్టర్ నుంచి బయల్దేరింది. ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌దాకా ఎక్కడా ఆగకుండా నెలన్నర పైగా హిందూ మహాసముద్రం మీదే గడిపింది. 2012 జనవరి 21న కరేబియన్ దీవి సింట్ మార్టెన్ చేరి చుట్టు పూర్తిచేసింది. అప్పటికి వయసు పదహారేళ్లు.

మరి రెండు గప్పీల్లో ఏది మంచిది? పెద్దది లేకపోతే ఆ నెలన్నరకు తిండీ నీళ్లూ పెట్టుకోవడానికి చోటు ఇరుకయ్యేది. అలాగని మొదటే పెద్దది చేతికిస్తే పదేళ్ల పిల్ల దాన్ని ఒంటరిగా కదిలించగలిగేదా? సాయానికి పెద్దవాళ్లు కావాల్సిందే. ఒంటరిగా నేర్చుకునే అవకాశమే పోయేది. పడవ అమ్మేవాళ్లు ఎన్ని అడుగులు కావాలని అడుగుతారు. కొనేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. అర్ధరాత్రి, హోరుగాలి, పక్కన సాయానికి మనిషి లేడు... అప్పుడు ఈ రెండు చేతులతో ఎంత పడవను అదుపు చేయగలను?